ఫుట్‌బాల్ డాక్యుమెంటరీల పెన్‌డ్రైవ్ అని ₹999 అడుగుతున్నారా? కట్టకండి

నల్గొండ, మిర్యాలగూడ, సూర్యాపేట దిక్కు ఫుట్‌బాల్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక ప్రకటన తిరుగుతోంది, ప్రతిభ ఉండి కూడా పూర్తిగా వెలగని ఆటగాళ్ల మీద 40 డాక్యుమెంటరీలు, తెలుగు వాయిస్‌తో, పెన్‌డ్రైవ్‌లో ఇంటికే పంపుతామని. మా తమ్ముడు, వాడితో ఆడే పోరగాళ్లు అందరూ చూస్తారు కదా అని తెప్పించాను. పెన్‌డ్రైవ్ వచ్చింది. అందులో ఉన్నవి మాత్రం డాక్యుమెంటరీలు కావు.

నెట్‌లో దొరికే ఫొటోలు నాలుగు అటూ ఇటూ జరుపుతూ వెనక నుంచి కంప్యూటర్ గొంతుతో చదివించారు, ఆ గొంతుకు పేర్లు పలకడం కూడా రాదు. పాత మ్యాచ్ దృశ్యం ఒక్కటి లేదు. కలిసి ఆడినవాళ్లు గానీ కోచ్‌లు గానీ కెమెరా ముందు మాట్లాడింది లేదు. పైసలు పోతే పోయాయి, చెప్పిన సంగతులే తప్పులని తెలిశాక నాకు అసలు మండింది.

డంకన్ ఎడ్వర్డ్స్ తాగుడుకు బానిసై ఆట పోగొట్టుకున్నాడట! ఆయన 1958 ఫిబ్రవరి 6న మ్యూనిక్‌లో మాంచెస్టర్ యునైటెడ్ జట్టు ఎక్కిన విమానం కూలితే గాయపడి, రెండు వారాలు ఆసుపత్రిలో కొట్లాడి, 21 ఏళ్లకే చనిపోయాడు. గాస్కోయిన్ 1990 ప్రపంచ కప్ సెమీస్‌లో మోకాలు విరిగి ఏడ్చాడని ఇంకో వీడియో. అప్పుడు ఏడ్చింది పసుపు కార్డు చూసి, ఇంగ్లండ్ గెలిచినా తను ఫైనల్ ఆడలేడని. మోకాలు పోయింది ఆ మరుసటి ఏడాది ఎఫ్ఏ కప్ ఫైనల్‌లో, అదీ తను చేసిన ఫౌల్‌లోనే. బ్రెజిల్ ఆటగాడు అడ్రియానో గురించి అంతా పార్టీలే చెప్పారు, 2004లో తండ్రి చనిపోయాక మనిషి ఎట్లా కుంగిపోయాడో ఒక్క ముక్క లేదు. మాంచెస్టర్ యునైటెడ్‌కే ఆడిన జార్జ్ బెస్ట్ విషయంలో తాగుడు నిజమే, ఒప్పుకుంటా, కానీ అదే కథను అందరికీ అతికిస్తే ఎట్లా? పేరు మారుతుంది, ఫొటో మారుతుంది, స్క్రిప్టు అదే.

అన్నిటికంటే బాధ కలిగించింది మన సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం వీడియో. ఫొటో ఇంకెవరిదో. ఛాన్సులు రాక ఆట వదిలేశాడని చెప్పారు. 1956, 1960 ఒలింపిక్స్ ఆడి, రోమ్‌లో హంగరీ మీద గోల్ కొట్టి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో కోచ్ రహీం సాబ్ జట్టుతో బంగారు పతకం తెచ్చిన మనిషికి ఛాన్సులు రాకపోవడమేంది? ఊపిరితిత్తుల జబ్బు వల్ల ముప్పై నిండకముందే ఆగిపోవాల్సి వచ్చింది. నిజంగా మంచి డాక్యుమెంటరీ తీయాల్సిన జీవితం అది.

పెన్‌డ్రైవ్ అమ్మినవాడికి ఫోన్ చేస్తే ముందు "డిజిటల్ కంటెంట్‌కు రిఫండ్ ఉండదన్నా" అన్నాడు. గట్టిగా అడిగితే పూర్తి హెచ్‌డీ వెర్షన్ ఈ యాప్‌లో ఉందని ఒక ఏపీకే ఫైల్ పంపాడు. దాన్ని మాత్రం ఎవరూ ఇన్‌స్టాల్ చేయకండి, ఇట్లాంటి ఫైళ్లతోనే ఫోన్‌లో ఎస్ఎంఎస్‌లు, ఓటీపీలు లాగేస్తున్నారు. చేయనన్నాను, నంబర్ బ్లాక్ చేశాడు.

ఇట్లాంటివి కొనేముందు దర్శకుడు ఎవరు, నిడివి ఎంత, ఎవరెవరు మాట్లాడారు అని అడగండి, మధ్యలోంచి రెండు నిమిషాల క్లిప్ పంపమనండి. ట్రైలర్ చూసి నమ్మొద్దు, వీళ్ల ట్రైలర్‌లో ఉన్న దృశ్యాలు లోపల ఎక్కడా లేవు. క్యూఆర్ కోడ్‌కు ముందే పైసలు కొట్టమంటే వదిలేయండి. ఇప్పటికే కట్టినవాళ్లు స్క్రీన్‌షాట్లు, యూపీఐ లావాదేవీ నంబర్ దాచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆ యాప్ వేసుకుని ఖాతాలోంచి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు చేయండి.

అన్నట్టు, పెన్‌డ్రైవ్ మీద 64 జీబీ అని రాసి ఉంది, కంప్యూటర్‌కు పెడితే 8 చూపిస్తోంది.