ఆసమ్ ఫౌండేషన్, కిక్‌స్టార్టర్: వింత ఆలోచనకు వెయ్యి డాలర్లు ఎక్కడ పుడతాయి?

వెయ్యి డాలర్లలో తేలిపోయే పనికి కిక్‌స్టార్టర్ (నెట్‌లో జనం దగ్గర డబ్బు పోగేసే సైటు) ఎక్కడం దండగ. ఎందుకు దండగో కింద లెక్క వేసి చూపిస్తాం. అమెరికాలో ఉంటూ పార్కులో తోలుబొమ్మలాటకు తెర కట్టాలన్నా, వీధి చివర తెలుగు పుస్తకాల పెట్టె నిలబెట్టాలన్నా తట్టగల తలుపులు చాలానే ఉన్నాయి. వాటిలో ఆసమ్ ఫౌండేషన్‌కూ కిక్‌స్టార్టర్‌కూ పేరెక్కువ. రెండూ 2009లోనే పుట్టాయి. అంతకు మించి పోలిక లేదు.

ఆసమ్ ఫౌండేషన్ బోస్టన్‌లో మొదలైంది. పద్ధతి చూస్తే మన చీటీ గుర్తొస్తుంది, కాకపోతే చీటీ ఎత్తుకునేది బయటివాళ్లు. పదిమంది ట్రస్టీలు నెలకు తలా 100 డాలర్లు సొంత జేబులోంచి వేస్తారు. పోగైన 1,000 డాలర్లూ ఆ నెల నచ్చిన ఒక ఆలోచనకు ఇచ్చేస్తారు. తిరిగి కట్టేది లేదు, వాటా అడగరు, మీది రిజిస్టరైన సంస్థ అయి తీరాలనీ అనరు. వాళ్ల మొట్టమొదటి గ్రాంట్ ఊళ్లో జనమంతా ఎక్కి పడుకునే ఓ భారీ వల ఊయలకు వెళ్లింది. వాళ్ల అభిరుచి ఎటువైపో దాన్నిబట్టే తెలుస్తుంది.

ఇలాంటి ఒక్కో ట్రస్టీల బృందాన్ని చాప్టర్ అంటారు, ఏ చాప్టర్‌కు ఆ చాప్టరే స్వతంత్రం. కొన్ని ఊరి పేరు మీద నడుస్తాయి, కొన్ని ఒక అంశం మీద. దరఖాస్తు పెట్టేముందు చాప్టర్ పేజీలో చివరగా ఇచ్చిన గ్రాంట్ ఏ నెలదో చూడండి. ఆరు నెలలుగా కొత్తది ఏదీ లేకపోతే అక్కడి ట్రస్టీలు ఎవరి దారి వాళ్లు చూసుకుని ఉండొచ్చు. అలాంటి చోట ఫారం నింపడం మూతపడిన కొట్టు ముందు క్యూ కట్టడమే.

ఫారం చిన్నది: ఏం చేస్తారు, డబ్బు దేనికి, మీరెవరు. చిన్నది కాబట్టే చాలామంది అక్కడ దెబ్బతింటారు. ట్రస్టీలు ఉద్యోగాలు ముగించుకుని రాత్రి కూర్చుని కుప్పలో ఒక్కోటీ చదువుతారు. “మన సంస్కృతిని భావితరాలకు అందించే వేదిక” అని మొదలుపెడితే పక్కన పెట్టేస్తారు, ఎందుకంటే కంటికి ఏమీ కనపడదు. “శనివారం చీకటి పడ్డాక పార్కులో ఆరడుగుల తెర వెనక నలభైమంది పిల్లలు తాము కోసిన అట్టబొమ్మలు ఆడిస్తారు, ఎవరైనా వచ్చి చూడొచ్చు” అని రాస్తే బొమ్మ కళ్లముందు నిలబడుతుంది. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలవలో నడిపిన పడవ గ్రంథాలయాన్ని ఎవరికైనా ఒక్క ముక్కలో చెప్పొచ్చు: పుస్తకాలు పడవెక్కి ఊళ్లకు వస్తాయి. మీ ఆలోచన అంత పొట్టి వాక్యంలో ఇమడకపోతే అది ఇంకా ఆలోచనగా తయారవలేదనే అర్థం.

ఇక బడ్జెట్. పైన చెప్పిన బొమ్మలాటకు ఒక నమూనా: తెర గుడ్డ, చట్రం 140 డాలర్లు. దీపాలు, బ్యాటరీ 180. అట్ట, రంగులు, పుల్లలు 200. స్పీకర్ అద్దె 120. పార్కు పర్మిట్, ఒక్కరోజు ఇన్సూరెన్స్ 280. చిల్లర ఖర్చులు 80. మొత్తం 1,000. రేట్లు ఊరిని బట్టి మారతాయి, మారనిది పద్దులు విడివిడిగా రాయాల్సిన అవసరం. “ఇతరాలు 400” అన్న పద్దు కనపడితే నమ్మకం పోతుంది. ఎక్కువమంది మరిచిపోయేది ఇన్సూరెన్స్. పార్కులో జనాన్ని పోగేయాలంటే చాలా నగరపాలక సంస్థలు పది లక్షల డాలర్ల లయబిలిటీ కవర్ (ఎవరికైనా దెబ్బ తగిలితే పరిహారం కట్టే బీమా) ఉన్న సర్టిఫికెట్ అడుగుతాయి, అందులో తమ పేరూ చేర్చమంటాయి. ఆ సంగతి డబ్బు చేతికొచ్చాక తెలిస్తే తెర కోసం దాచిన సొమ్ము అటు పోతుంది. ఇంకొకటి: 20,000 డాలర్ల పనికి వెయ్యి అడగొద్దు. మిగతా 19,000 సంగతేమిటని చదివేవాళ్లకు మొదట ఆ అనుమానమే వస్తుంది. పెద్ద పనిలోంచి వెయ్యితో పూర్తయ్యే ముక్కను కోసి చూపించండి.

లోపాలూ ఉన్నాయి. నెలకు ఒక్కరికే ఇస్తారు. రాకపోతే ఎందుకు రాలేదో చెప్పే తీరిక ఆ స్వచ్ఛంద ట్రస్టీలకు ఉండదు. తేదీ ఖరారైన ఉత్సవానికి దీన్ని నమ్ముకోవద్దు.

కిక్‌స్టార్టర్ సంగతి వేరు. వినాయక చవితి చందా పుస్తకంలా దాన్ని చూసేవాళ్లు చాలామంది, అసలు పొరపాటు అక్కడే. అది చందా కాదు, ముందస్తు ఆర్డరు లాంటిది. ఏదో ఒకటి తయారుచేసి జనానికి అందించే పని అయి ఉండాలి. దానధర్మాలకు డబ్బు పోగేయడాన్ని ఒప్పుకోరు. లక్ష్యం చేరితేనే సొమ్ము, ఒక్క డాలరు తగ్గినా ఎవరి కార్డునూ ముట్టుకోరు. గడువు గరిష్ఠం 60 రోజులు, కానీ 30 చాలు. ఎక్కువ రోజులు పెడితే నడిమధ్యన ఊపు చచ్చి ఊరుకుంటుంది.

లెక్క చూడండి. అమెరికాలో కిక్‌స్టార్టర్ రుసుము 5 శాతం. కార్డు చార్జీ 3 శాతం, దానిపైన ఒక్కో చెల్లింపుకు 20 సెంట్లు. నలభైమంది తలా 30 డాలర్ల చొప్పున 1,200 ఇచ్చారనుకోండి. రుసుము 60, కార్డు చార్జీ 36, సెంట్లు కలిపితే 8. మొత్తం 104 పోతుంది. డబ్బిచ్చినందుకు బదులుగా అందులో ముప్పైమందికి పంపే కానుకకు పోస్టేజీతో కలిపి తలా 6 డాలర్లయితే ఇంకో 180. చేతిలో మిగిలేది 916. నెల రోజులు వీడియోలు తీసి, వాట్సాప్ గ్రూపుల్లో అందరినీ విసిగించి తెచ్చుకున్నది ఆసమ్ వాళ్ల వెయ్యికన్నా తక్కువ!

కాబట్టి లక్ష్యాన్ని పనికి అయ్యే ఖర్చుగా పెట్టకూడదు. పని ఖర్చూ కానుకల ఖర్చూ కలిపి 0.9తో భాగించండి. పనికి 1,000, కానుకలకు 180 కలిపిన 1,180ని భాగిస్తే 1,311 వస్తుంది, పెట్టాల్సిన అంకె అది. గడువు ముగిశాక కొన్ని కార్డులు పనిచేయవు, ఆ తరుగును కూడా ఈ పది శాతంలోనే సర్దుకోవాలి. ప్రచారం మొదలుపెట్టేముందే ఈ లెక్క తేల్చుకోండి. ముగిశాక సొమ్ము బ్యాంకులో పడటానికి సుమారు రెండు వారాలు. డిసెంబరులో ముగించే ఆలోచన ఉంటే మానుకోండి: ఆదాయం ఒక ఏడాదిలో, ఖర్చు మరో ఏడాదిలో పడి పన్ను లెక్క చిక్కుపడుతుంది.

ముంచేది మాత్రం పోస్టేజీ. టీషర్ట్ పెడితే సైజులు, మగ్గు పెడితే పగుళ్లు, విదేశాలకైతే కస్టమ్స్. కవరులో బల్లపరుపుగా ఇమిడే స్టిక్కరో పోస్టుకార్డో పెట్టండి. అసలు మీ పనే పుస్తకమో, పేకముక్కల ఆటో, క్యాలెండరో అయితే మాత్రం కిక్‌స్టార్టర్‌ను మించింది లేదు. అప్పుడు కానుక వేరే ఖర్చు కాదు, పనే కానుక.

ఆంధ్రలో, తెలంగాణలో ఉన్నవాళ్లకు కిక్‌స్టార్టర్‌లో ప్రచారం పెట్టే వీలే లేదు, భారతీయ బ్యాంకు ఖాతాను తీసుకోరు. ఆసమ్ చాప్టర్లలో దేశంతో పనిలేకుండా ఇచ్చేవి ఉన్నా, సామాజిక, సాంస్కృతిక కార్యక్రమానికి విదేశీ డబ్బు తీసుకోవాలంటే 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి. రిజిస్ట్రేషన్‌కు మూడేళ్ల పని, 15 లక్షల ఖర్చు చూపించమంటారు. వీధి బొమ్మలాటకు అది అయ్యే పని కాదు. బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ 1995 నుంచి కళలకు గ్రాంట్లు ఇస్తోంది, ప్రతిపాదన తెలుగులోనే రాసి పంపొచ్చు. అది సరదా వెయ్యి డాలర్ల వ్యవహారం కాదు, ఆలోచనను పట్టి పట్టి ప్రశ్నిస్తారు. స్నేహితుల దగ్గర యూపీఐలో పోగేసే పక్షంలో ఒక జాగ్రత్త: బంధువులు కానివాళ్ల నుంచి ఒక వ్యక్తి ఖాతాలోకి ఏడాదిలో ఊరికే వచ్చిన డబ్బు 50,000 రూపాయలు దాటితే, దాటిన ముక్క మీదే కాదు, మొత్తం మీద పన్ను పడుతుంది. ఖాతా తెరిచేముందే ఆడిటరుతో ఒకసారి మాట్లాడుకోండి.