‘విచ్ వాజ్’ ఉంచాలా, తీసేయాలా?

ఇంగ్లిష్‌లో ‘ద లెటర్ విచ్ వాజ్ సెంట్ యెస్టర్డే’ అనాలా, ‘ద లెటర్ సెంట్ యెస్టర్డే’ అంటే చాలా? రెండూ సరైనవే.

పొడవు: రెండోది రెండు మాటలు తక్కువ, చకచకా సాగుతుంది.

కాలం: అసలు తేడా ఇక్కడే. పూర్తి రూపంలో ఈజ్, వాజ్, హాజ్ బీన్ ఏది కావాలంటే అది పెట్టొచ్చు. కుదిస్తే ఆ వివరం పోతుంది, సందర్భాన్ని బట్టి ఊహించుకోవాల్సిందే. ఇంకా జరుగుతున్న పనైతే ‘బీయింగ్’ ఉంచాలి: ‘ద బ్రిడ్జ్ బీయింగ్ బిల్ట్’. ‘మస్ట్’ ఉంటే మాత్రం కుదించకండి. ‘ద ఫార్మ్స్ విచ్ మస్ట్ బీ సైన్డ్’ కాస్తా ‘ద ఫార్మ్స్ సైన్డ్’ అయితే సంతకాలు అయిపోయినట్టే!

రిస్క్: ‘ద హార్స్ రేస్డ్ పాస్ట్ ద బార్న్ ఫెల్’ (కొట్టం పక్కగా పరిగెత్తించిన గుర్రం పడిపోయింది). భాషా మనస్తత్వ శాస్త్రవేత్త థామస్ బెవర్ 1970లో ఇచ్చిన ఈ ఉదాహరణలో ‘రేస్డ్’నే ప్రధాన క్రియ అనుకుని, ‘ఫెల్’ దగ్గర తడబడతాం. ‘హార్స్’ తర్వాత ‘దట్ వాజ్’ చేరిస్తే ఆ టెన్షన్ లేదు. భూతకాల రూపం (‘రోట్’, ‘టుక్’) కన్నా వేరుగా ఉండే ‘రిటెన్’, ‘టేకెన్’లతో ఈ చిక్కు రాదు.

నోటీసులు, రిపోర్టులు, శీర్షికలకు కుదించిన రూపమే నా ఓటు. ఒప్పందాలు, సూచనలు, ఎప్పుడు జరిగిందో ముఖ్యమైన చోట్ల పూర్తి రూపమే రాయండి.