మంగు మచ్చలకు రంగు సన్‌స్క్రీన్: తిరుపతి ఎండల్లో వాడాక నా మాట

ఐరన్ ఆక్సైడ్ కలిపిన రంగు సన్‌స్క్రీన్ వాడబట్టి ఇది మూడో ఎండాకాలం. బుగ్గల మీద మంగు పూర్తిగా పోలేదు గానీ, ఎదురుగా నిలబడి మాట్లాడేవాళ్లకు ఇప్పుడు చప్పున కనబడదు. రెండో కాన్పు తరవాత వచ్చిన మచ్చలు ఇవి. క్రీము రాసినన్నాళ్లు తగ్గేవి, మార్చి రాగానే మళ్లీ కమ్ముకొనేవి. ఆ తిరగబెట్టడం ఆగింది ఈ సన్‌స్క్రీన్ మొదలుపెట్టాకే.

మామూలు సన్‌స్క్రీన్ అడ్డుకొనేది అతినీలలోహిత కిరణాలను. చర్మానికి తగిలే వాటిలో యూవీఏ, యూవీబీ అని రెండు రకాలు. ట్యూబు మీద ఉండే ఎస్‌పీఎఫ్ అంకె ముఖ్యంగా యూవీబీ సంగతి చెబుతుంది, పీఏ పక్కనుండే ప్లస్ గుర్తులు యూవీఏ సంగతి చెబుతాయి. కంటికి కనబడే వెలుతురు గురించి ఆ రెండూ ఏమీ చెప్పవు. మన చామనఛాయకు చిక్కంతా అక్కడే ఉంది. 2010లో అమెరికాలోని డెట్రాయిట్ పరిశోధకులు ఆ వెలుతురునే చర్మం మీద వేసి చూశారు. ముదురు రంగు చర్మం నల్లబడి ఆ నలుపు చాలా రోజులు నిలిచింది. తెల్లని చర్మం మీద అలా జరగలేదు. 2014లో మెక్సికోలో మంగు ఉన్నవాళ్లందరికీ ఒకే మందు ఇచ్చి, సగం మందికి మామూలు సన్‌స్క్రీన్, సగం మందికి ఐరన్ ఆక్సైడ్ ఉన్నది ఇచ్చారు. రెండోవాళ్లకే మచ్చలు ఎక్కువ తగ్గాయి.

పసుపు, ఎరుపు, నలుపు ఐరన్ ఆక్సైడ్‌లు వెలుతురును పీల్చుకొంటాయి, అందుకే క్రీముకు ఆ రంగు. మొహం మీద ఏమీ కనబడకుండా ఇంకిపోయే క్రీము ఆ వెలుతురును అడ్డుకోలేదు. కంపెనీలు ఇప్పుడు నీళ్లలాంటి జెల్, అసలు కనబడని జెల్ అని పోటీ పడతా ఉన్నాయి. జిడ్డు లేకపోవడం మంచిదే, నాకూ ఇష్టమే. మంగు ఉన్నవాళ్లకు మాత్రం ఆ దారి పనికిరాదని గట్టిగా చెబుతాను.

ఇక వాడకం. పొద్దున బండి మీద లీలామహల్ సర్కిల్ దాటేసరికే హెల్మెట్ లోపల చెమట కారిపోతుంది. అయినా ఇది చారలు కట్టదు. ఉత్త జింక్ ఆక్సైడ్‌ది రాస్తే విభూతి పూసినట్టు ఉండేది, ఇందులో ఆ తెలుపు తేలదు. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా తీసుకొని మొహానికి, మెడకు రాస్తాను. ప్రయోగశాలలో ఎస్‌పీఎఫ్ కొలిచేది చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు పూసి. బఠానీ గింజంత రాసుకుంటే ట్యూబు మీద 50 అని ఉన్నా ఆ రక్షణ రాదు. అలిపిరి మెట్లు ఎక్కేటప్పుడు మాత్రం గాలిగోపురం చేరేలోపే తువ్వాలతో సగం తుడిచేస్తాం, అక్కడ కూర్చొని మళ్లీ రాసుకోవాల్సిందే.

లోపాలూ ఉన్నాయి. లేత రంగు చుడీదారు మెడపట్టీకి గోధుమ మరక పడుతుంది, సబ్బుతో వెంటనే రుద్దకపోతే పోదు. ధర మామూలు దానికి దాదాపు రెట్టింపు. అన్నిటికంటే నన్ను బాధపెట్టేది షేడ్. నేను కొనే కంపెనీ ఒకటే షేడ్ అమ్ముతుంది, అది నాకు సరిపోయింది. నాకంటే నల్లగా ఉండే మా చెల్లెలి మొహం మీద బూడిద రంగుకు తిరిగింది. ఈ రక్షణ ఎవరికి ఎక్కువ కావాలో వాళ్లకే షేడ్ దొరకకపోతే ఎట్లా?

రాత్రిపూట 5 శాతం నియాసినమైడ్ (బి3 విటమిన్‌లో ఒక రూపం) రాస్తాను. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ పైకణాల్లోకి చేరడాన్ని అది తగ్గిస్తుంది, నా చర్మానికి మంట కూడా లేదు. మా వైపు చాలామంది మంగుకు ఎర్రచందనం అరగదీసి పూస్తారు. చల్లగా హాయిగా ఉంటుంది, నేనూ ఆదివారాలు పూసుకొంటాను. అయితే కడిగేసి ఎండలోకి పోతే దాని కాపుదల ఏమీ మిగలదు. స్టెరాయిడ్ కలిసిన తెల్లబడే క్రీములను మాత్రం డాక్టరు చీటీ లేకుండా ముట్టుకోవద్దు. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి సన్నని రక్తనాళాలు ఎర్రగా తేలతాయి.

ట్యూబు కొనేముందు వెనకవైపు చూడండి. ఐరన్ ఆక్సైడ్‌లు అని గానీ, వాటి రంగు నంబర్లు సీఐ 77491, 77492, 77499 అని గానీ ఉండాలి. పేరులో టింటెడ్ (రంగు కలిపినది) అని ఉండి ఇవి లేకపోతే కొనొద్దు.