మూలిక వర్సెస్ ఓషధి: ఏది వాడాలి?

మందు మొక్కల గురించి రాసేటప్పుడు మూలిక, ఓషధి రెండూ ఒకటే అన్నట్టు వాడేస్తాం కానీ వాటి పుట్టుక వేరు. మూలిక అనేది సంస్కృతంలోని మూలం అనే మాట నుంచి వచ్చింది, మూలం అంటే మొక్క వేరు, అందుకే వేళ్లను మందుగా వాడే అశ్వగంధ, పిల్లిపీచర (శతావరి) లాంటివాటికి సరిగ్గా సరిపోతుంది, ఇప్పుడైతే తులసినీ మూలికే అంటున్నాం, అది తప్పేం కాదు, వాడుకలో అర్థం పెరిగింది. ఓషధి సంగతి నాకు ఇంకా ఇష్టం. అమరకోశం అనే పాత సంస్కృత నిఘంటువు ప్రకారం పంట పండగానే చచ్చిపోయే మొక్క ఓషధి, అంటే వరి కూడా ఓషధే! ఔషధం అనే మాట దీన్నుంచే పుట్టింది, చంద్రుడికి ఓషధీశుడనే పేరూ ఉంది. మామూలు పోస్టుల్లో మాత్రం నా ఓటు మూలికకే, ఎవరికైనా వెంటనే అర్థమవుతుంది, పాత వైద్యం గురించో పద్యాల గురించో రాస్తుంటే ఓషధి వాడండి.