హైదరాబాద్ ఎండల్ని తట్టుకున్న ఆర్సీ ప్లేన్ కవరింగ్ ఏది – కొన్నేండ్లు వాడినాక నా మాట

ఆర్సీ ప్లేన్ అంటే రిమోట్‌తో ఎగరేసే మోడల్ విమానం, కవరింగ్ అంటే దాని చట్రం మీద ఐరన్‌తో అంటించే పల్చటి ఫిల్మ్. ముందే చెప్పేస్త, బాల్సా (తేలికైన కట్టె) వింగ్ ఉన్న ప్లేన్ అయితే ఒరాకవర్ అనే బ్రాండ్ తీస్కోండి. అమెరికాలో దీన్నే అల్ట్రాకోట్ అని అమ్మేవాళ్లు, సరుకు అదే. రేటు చూస్తే గుండె జల్లుమంటది, షిప్పింగ్ కస్టమ్స్ కలిపితే ఇంకా ఎక్కువ, అయినా ఇదే చెప్తున్న. నా ట్రైనర్ (నేర్చుకునే ప్లేన్) మీద ఇది, పాత స్పోర్ట్ ప్లేన్ మీద మోనోకోట్ అనే ఇంకో బ్రాండ్, గ్లైడర్ మీద ఆన్‌లైన్‌ల చవగ్గా దొరికిన పేరూ ఊరూ లేని రోల్ వేసి ఎగరేస్తున్న.

మన దగ్గర ఫిల్మ్‌ని ఖరాబు చేసేది కారు డిక్కీ. మే నెలల ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) అవతల గ్రౌండ్ పక్కన కారు ఎండల పెట్టి కాసేపాగి డిక్కీ తీస్తే వింగ్ చేతికి చురుక్కుమంటది, ముదురు రంగైతే మరీ. ఆ వేడికి ఫిల్మ్ సాగి రిబ్స్ (వింగ్ లోపలి అడ్డ పట్టీలు) మధ్యల ముడతలొస్తయి, ఆ తర్వాత వానాకాలంల బాల్సా తేమ పీల్చి ఉబ్బుతది, ఎండినాక ఫిల్మ్ మళ్ల వదులు. ఏ బ్రాండ్ వేసినా ఏడాదికి ఒకట్రెండు సార్లు ఐరన్ పట్టుడు తప్పదు, అందుకే మళ్లీ మళ్లీ బిగిస్తే ఎట్ల తట్టుకుంటది అన్నదే నేను చూసేది.

ఒరాకవర్ జిగురు సుమారు 100 డిగ్రీలకే పట్టుకుంటది, ఫిల్మ్ బాగా గుంజుకోవాలంటే 150 దాకా పోవాలె. మధ్యల అంత గ్యాప్ ఉంది కాబట్టి అంచులు అంటించి, వంకర పోతే మెల్లగ పీకి మళ్ల అంటించి, అంతా కుదిరినాకనే బిగించొచ్చు. వింగ్ టిప్ దగ్గర దీని పనితనం తెలుస్తది, ఒక చేత్తో హీట్ గన్, ఇంకో చేత్తో ఫిల్మ్ కొస పట్టుకుని లాగుతుంటే గుండ్రటి మూల మీద ముడత మన కండ్ల ముందే కరిగిపోతది. మోనోకోట్‌కి వేడి ఇంకా ఎక్కువ కావాలె, మెరుపు మాత్రం మస్తు, గట్టిగ కూడా ఉంటది, చేయి తిరిగినోళ్లకి ఓకే.

చవక రోల్ సంగతి. చదునుగ ఉన్న టెయిల్ మీద ఏం ఫికర్ లేదు, కానీ రెండో ఎండాకాలానికి వింగ్ జాయింట్ దగ్గర ఫిల్మ్ వెనక్కి జరిగి కింద జిగురు గీత బయటపడ్డది, దానికి గ్రౌండ్ల ఎర్రమట్టి అంటుకుని ఎంత తుడిచినా పోదు. ఐరన్ పెడితే ఇంకింత జరిగింది.

ఐరన్ మీద డయల్ నంబర్లు నమ్మకండి, ఐరన్ అడుగుకి ఆనించి చూసే చిన్న థర్మామీటర్ కొనుక్కోండి. రిబ్స్ మధ్యల మూసుకుపోయిన ప్రతి గడిలో లోపలి వైపు పిన్నుతో చిన్న బొక్క పెట్టాలె, లేకుంటే వేడి గాలి పోయే దారి లేక ఫిల్మ్ ఉబ్బుతది. జాయింట్లు పెంకుటింటి పెంకుల లెక్క, వెనక వైపు ముక్క మొదట వేసి, ముందు వైపు ముక్క దాని మీదికి రావాలె, అప్పుడే గాలి గానీ గ్లో ఇంజిన్ (మోడల్ ప్లేన్ల చిన్న ఇంజిన్) కక్కే నూనె గానీ అంచు కిందికి దూరదు. పైన ఒక రంగు, కింద బాగా తేడాగ ఉండే ఇంకో రంగు వేయండి, ఎండాకాలం తెల్లటి ఆకాశంల దూరం పోయినాక ప్లేన్ తిరగబడిందా లేదా తెలియాలె కదా.

రబ్బర్ మెలితిప్పి ఎగరేసే చిన్న మోడల్‌కి ఇవన్నీ బరువే, మామూలు ఒరాకవర్ చదరపు మీటర్‌కి 60 గ్రాముల దాకా ఉంటది. దానికైతే నేను ధూల్‌పేట పతంగి కాగితమే వేసి పల్చటి డోప్ (కాగితాన్ని బిగించే వార్నిష్ లాంటిది) కొడ్త, వానాకాలంల వదులైతది గానీ ఆ ధరకి ఎవడు అడుగుతడు.

కొనేటప్పుడు అదే రంగు ఇంకో మీటర్ ఎక్కువ తీస్కోండి, ప్యాచ్ వేసే రోజుకి ఆ షేడ్ స్టాక్‌ల ఉండదు.