మిషన్ ప్లానర్‌తో మూడేళ్లు: మ్యాప్ మీద ఆ నాలుగు గీతలు

పొలాల సర్వేకి ఫిక్స్‌డ్ వింగ్ డ్రోన్ (విమానంలా కదలని రెక్కలున్నది) ఎగరేయడం మొదలుపెట్టి మూడేళ్లయింది. ఎక్కువ పని బాపట్ల చుట్టుపక్కలే. లాప్‌టాప్‌లో మిషన్ ప్లానర్ (డ్రోన్‌కి దారి వేసి, ఎగిరేటప్పుడు దాన్ని మ్యాప్ మీద చూపించే సాఫ్ట్‌వేర్), తెరకి ఎండ తగలకుండా ఒక అట్టపెట్టె, గొడుగు పట్టుకుని మా బావమరిది. ఇదీ మా కంట్రోల్ రూమ్.

నాకు బాగా నచ్చింది మ్యాప్ మీద విమానం బొమ్మ నుంచి బయల్దేరే గీతలు. ఎర్రది ముక్కు ఎటు ఉందో చెబుతుంది, నల్లది విమానం నిజంగా ఎటు పోతోందో. నారింజ రంగుది తర్వాతి వేపాయింట్ (దారిలో ముందే గుర్తుపెట్టిన చోటు) వైపు, ఆకుపచ్చది ఆటోపైలట్ పట్టాలనుకుంటున్న దిశ. మొదట్లో ఇదంతా అలంకారమే అనుకున్నాను. ఒక మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగింది. కింద ఆకు కదలడం లేదు గానీ తెర మీద ఎర్ర గీత, నల్ల గీత కత్తెరలా విచ్చుకుంటున్నాయి. సెకనుకు 18 మీటర్ల వేగంతో పోయే విమానానికి 6 మీటర్ల అడ్డగాలి తగిలితే, దారి తప్పకుండా ఉండటానికి ముక్కును దాదాపు 20 డిగ్రీలు పక్కకి తిప్పుకోవాలి. కెమెరా కూడా దాంతోపాటే తిరుగుతుంది. ఫొటోలు వంకరగా పడి ఓవర్‌ల్యాప్ (పక్కపక్క ఫొటోలు ఒకదాని మీద ఒకటి పడాల్సిన భాగం) దెబ్బతింటుంది. ఆ రోజు సగం పొలం మళ్లీ ఎగరేయాల్సి వచ్చింది. ఇప్పుడు కత్తెర అంతలా నోరు తెరిస్తే ఇంకేమీ చూడను, దింపేస్తాను.

ఆకుపచ్చ గీతతోనే పేచీ. వరిచేల శాటిలైట్ మ్యాప్ మీద అది కలిసిపోతుంది. పైగా మా వాడికి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు. "బావా, మట్టిరంగువి రెండున్నాయి, ఏది?" అంటాడు. ఒకటి చుక్కల గీతగా ఉంటే బాగుండేది.

ఇంకో డ్రోన్‌తో ఒక టాబ్లెట్ యాప్ వచ్చింది, పేరెందుకులే. డ్రోన్‌తో లింక్ తెగినా తెర మీద దాని బొమ్మ అదే చోట, అదే రంగులో నిలబడి ఉంటుంది. ఒకసారి కొబ్బరిచెట్ల అవతల సిగ్నల్ పోయింది. గాల్లో ఆగి ఉందనుకుని నింపాదిగా తెర చూస్తున్నాం. ఇంతలో నెత్తిమీదే రెక్కల చప్పుడు! ఫెయిల్‌సేఫ్‌లో (సిగ్నల్ పోతే పనిచేసే భద్రతా ఏర్పాటు) తనంతట తానే తిరిగొచ్చేసింది. బొమ్మని బూడిదరంగు చేసి, పక్కన ఎన్ని సెకన్ల పాత సమాచారమో వేస్తే ఆ టెన్షన్ ఉండేది కాదు.

మిషన్ ప్లానర్‌లో స్పీచ్ ఆన్ చేసుకుంటే, డేటా ఆగి ఎన్ని సెకన్లయిందో గొంతెత్తి చెబుతుంది. ఎండలో తెర కనబడనప్పుడు అదే దిక్కు. కాకపోతే ఆ ఇంగ్లిష్ గొంతు వినపడగానే మా వాడు ఉలిక్కిపడి గొడుగు వదిలేస్తాడు.