ఫుడ్ మైక్రోబయాలజీ ఎగ్జామ్‌కి ఎలా చదివితే మేలు: సూక్ష్మజీవి వారీగానా, ఆహారం వారీగానా, పాత పేపర్లతోనా?

సెమ్ టైమ్‌టేబుల్ రాగానే ఫుడ్ టెక్నాలజీ పిల్లలంతా అడిగేది ఒకటే, ఇన్ని పేర్లు ఇన్ని టెంపరేచర్లు ఇన్ని మీడియాలు (ల్యాబ్‌లో సూక్ష్మజీవుల్ని పెంచే పోషక పదార్థాలు) ఎలా గుర్తుపెట్టుకోవాలి అని. నేను చూసినంతలో మూడు రకాలుగా చదువుతారు. కొందరు సాల్మొనెల్లా, లిస్టీరియా, స్టాఫైలోకోకస్ అంటూ ఒక్కోదానికి ఒక పేజీ పెట్టుకుని బట్టీ కొడతారు. కొందరు పాలు, మాంసం, చేపలు, గుడ్లు అని ఆహారం పట్టుకుని వెళ్తారు. ఇంకొందరు పాత పేపర్లు జిరాక్స్ తీయించుకుని రిపీట్ అయినవి మాత్రమే చదువుతారు. నా ఓటు రెండోదానికే.

సూక్ష్మజీవి వారీగా చదవడాన్ని తీసిపారేయట్లేదు. రెండు మార్కుల ప్రశ్నలకి, బిట్స్‌కి, వైవాకి అది చాలా పనికొస్తుంది. స్టాఫైలోకోకస్ ఆరియస్ అనగానే వాటర్ యాక్టివిటీ (సూక్ష్మజీవులకి అందే నీటి కొలత) 0.86కి తగ్గినా అది పెరగగలదు, టాక్సిన్ (విషం) ఆహారంలో ముందే తయారై ఉంటుంది కాబట్టి 1 నుంచి 6 గంటల్లో వాంతులు, బెయర్డ్ పార్కర్ అగర్ అనే మీడియం మీద నల్లటి కాలనీ చుట్టూ తేటగా రింగ్, ఇవన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేయొచ్చు. కానీ పది పన్నెండు సూక్ష్మజీవులు దాటాక ఏ గంటలు దేనివో కలగాపులగం అయిపోతాయి, క్లోస్ట్రిడియం పర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియావి సాల్మొనెల్లాకి రాసి వస్తారు. పైగా 'పాల స్పాయిలేజ్ గురించి వివరించండి' అని పది మార్కుల ప్రశ్న వస్తే, చదివిందంతా పది పేజీల్లో చెల్లాచెదురుగా ఉంటుంది కాబట్టి ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక పెన్ను ఆగిపోతుంది.

ఆహారం వారీగా చదివితే ఆ ఇబ్బంది ఉండదు, కాకపోతే దీనికి ఒక షరతు ఉంది. ముందు ఇంట్రిన్సిక్, ఎక్స్‌ట్రిన్సిక్ ఫ్యాక్టర్స్ (ఆహారం లోపలి, బయటి పరిస్థితులు) యూనిట్ గట్టిగా చదవాలి, అంటే పీహెచ్ (ఇది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ), వాటర్ యాక్టివిటీ, ఆక్సిజన్, టెంపరేచర్. అది వచ్చాక ఏ ఆహారం ఇచ్చినా ఇందులో ఏది పెరగగలదు, ఏది పెరగలేదు అని మీరే ఆలోచించి రాయగలరు.

ఇంట్లో ఆవకాయ జాడీనే తీసుకోండి. ఉప్పు వల్ల వాటర్ యాక్టివిటీ తగ్గుతుంది, మామిడి పులుపు వల్ల పీహెచ్ 4.6 కన్నా బాగా కిందుంటుంది, ఆవపిండిలో సూక్ష్మజీవుల్ని అడ్డుకునే అల్లైల్ ఐసోథయోసయనేట్ అనే ఘాటు పదార్థం ఉంటుంది, పైన తేలే నూనె గాలిని అడ్డుకుంటుంది కాబట్టి బూజు పట్టదు. హర్డిల్ టెక్నాలజీ అంటే ఇదే, దేనికదే సరిపోకపోయినా అన్నీ కలిసి ఆపుతాయి. తడి గరిటె పెడితే బూజు ఎందుకొస్తుంది? నీళ్లు పడినచోట వాటర్ యాక్టివిటీ పెరుగుతుంది. మరి నూనె కింద గాలి లేదు కదా, బొటులిజం అనే ప్రాణాంతక ఫుడ్ పాయిజనింగ్ తెచ్చే క్లోస్ట్రిడియం బొటులినమ్‌కి గాలి లేకపోతేనే కదా హాయి, అదెందుకు పెరగదు? పీహెచ్ 4.6 కింద అది పెరగలేదు. అదే పులుపు లేని వెల్లుల్లిని నూనెలో వేసి ఫ్రిజ్ బయట ఉంచితే కథ మారిపోతుంది, 1985లో కెనడాలోని వాంకూవర్‌లో బొటులిజం వచ్చింది సరిగ్గా అలాంటి వెల్లుల్లి నూనె వల్లే. ఒక్క జాడీ నుంచి మూడు ప్రశ్నలకి జవాబులు వచ్చేశాయి చూడండి.

పాలు కూడా అంతే. పాశ్చరైజేషన్ అంటే 63 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు, 72 దగ్గర 15 సెకన్లు అని అందరూ బట్టీ కొడతారు, కానీ కాక్సియెల్లా బర్నెటీ అనే బ్యాక్టీరియా చావాలని ఆ అంకెలు పెట్టారని, పాశ్చరైజేషన్ సరిగ్గా జరిగిందో లేదో ఫాస్ఫటేజ్ టెస్ట్ చెప్తుందని కలిపి చదివితే ఇక మర్చిపోరు. అక్కడితో ఆగకుండా ఆవు తిన్న దాణాలోకి వెళ్లండి, బూజు పట్టిన వేరుశనగ చెక్కలో ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు చేసిన అఫ్లటాక్సిన్ బీ1 అనే విషం ఆవు ఒంట్లో ఎమ్1గా మారి పాలలోకి వస్తుంది, కాచినా పోదు, అందుకే మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దానికి కిలోకి 0.5 మైక్రోగ్రాములు అని పరిమితి పెట్టింది. మైకోటాక్సిన్స్ (బూజులు చేసే విషాలు) చాప్టర్‌లో సగం ఇక్కడే అయిపోయింది. రాత్రి మిగిలిన అన్నానికి వస్తే బాసిల్లస్ సీరియస్, వండినా దాని స్పోర్స్ (వేడిని తట్టుకునే విత్తనం లాంటి రూపాలు) చావవు, బయట ఉంచితే మొలకెత్తి సెర్యులైడ్ అనే టాక్సిన్ చేస్తాయి, పొద్దున మళ్లీ వేడి చేసినా ఆ టాక్సిన్ పోదు.

పాత పేపర్లు మాత్రమే చదివేవాళ్లకి పాస్ మార్కులు వస్తాయేమో గానీ అంకెలు మారిస్తే చిక్కే, ముఖ్యంగా ప్రాబ్లమ్స్‌లో. 10 పవర్ మైనస్ 3 డైల్యూషన్ (వెయ్యి రెట్లు పలచన చేసిన శాంపిల్) నుంచి 1 ఎంఎల్ పోస్తే 150 కాలనీలు వచ్చాయంటే ఎంఎల్‌కి లక్షా యాభై వేలు. అదే స్ప్రెడ్ ప్లేట్ అని 0.1 ఎంఎల్ ఇస్తే పదిహేను లక్షలు అవుతుంది, చాలామంది పాత జవాబే రాసి వచ్చేస్తారు. 12డీ కాన్సెప్ట్ కూడా అంతే, 121 డిగ్రీల దగ్గర బొటులినమ్ స్పోర్స్ డీ వాల్యూ (90 శాతం చావడానికి పట్టే టైమ్) 0.21 నిమిషాలు, పన్నెండుతో గుణిస్తే 2.52 నిమిషాలు, ఆ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే వేరే సూక్ష్మజీవి డీ వాల్యూ ఇచ్చినా భయం లేదు. గేట్‌కి వెళ్లాలనుకునేవాళ్లు పాత పేపర్లు చదవడానికి కాదు, టైమ్ పెట్టుకుని రాయడానికి వాడండి.

కాబట్టి నెల రోజులుంటే ముందు ఫ్యాక్టర్స్, తర్వాత రోజుకొక ఆహారం, అది అయ్యాక పుస్తకం మూసేసి సూక్ష్మజీవుల టేబుల్ మీ చేత్తో మీరే గీయండి, సీనియర్ గీసిన టేబుల్ ఫోన్‌లో ఎన్నిసార్లు చూసినా ఎక్కదు. వారమే ఉంటే ఫ్యాక్టర్స్, పాలు, క్యాన్డ్ ఫుడ్స్, ఫుడ్ పాయిజనింగ్, ఇవి వదలొద్దు. రెండు రోజులే ఉంటే మాత్రం నా ఓటు మార్చుకుంటాను, అప్పుడు పాత పేపర్లే దిక్కు, కానీ ఫ్యాక్టర్స్ యూనిట్ మాత్రం అప్పుడు కూడా పూర్తిగా చదవండి. పేపర్ మీద రాసేటప్పుడు జీనస్ పేరు మొదటి అక్షరం పెద్దది, స్పీషీస్ చిన్నది, రెండింటికీ విడివిడిగా అండర్‌లైన్ చేయండి, దిద్దేవాళ్లు ముందు చూసేది అదే.